ఆరడం నుంచి బాష్పీభవనం దాకా: ఉత్తరాంధ్ర నేపథ్యంలో ప్రాథమికోన్నత విజ్ఞానశాస్త్ర పరిభాష

వ్యావహారిక భాషోద్యమాన్ని సాహిత్యచరిత్రలో భాగంగా చదవడం తెలుగు శాఖల్లో స్థిరపడిన అలవాటు. అయితే ఆ ఉద్యమానికి తొలి కదలిక కావ్యభాషా చర్చ నుంచి రాలేదు, బడి నుంచి వచ్చింది. ఉత్తర కోస్తా పాఠశాలల తనిఖీ అధికారిగా ఉన్న జె.ఏ. యేట్స్, పిల్లలు మాట్లాడే తెలుగుకూ వారి చేతిలోని వాచకపు తెలుగుకూ ఇంత దూరమెందుకని అడిగిన ప్రశ్న, విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా విజయనగరంలోని గురజాడ అప్పారావుకూ, పర్లాకిమిడిలోని గిడుగు వెంకట రామమూర్తికీ చేరింది. ఇది ఇరవయ్యో శతాబ్ది తొలి దశకం నాటి మాట. ఇంచుమించు అదే కాలంలో, 1906లో, కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి చరిత్ర, శాస్త్ర గ్రంథాలను తెలుగులోకి తేవడానికి పూనుకున్నారు. ఆ గ్రంథాల భాష సరళ గ్రాంథికం. ఒక ప్రయత్నం ఏ భాషలో చెప్పాలన్న దానిని పట్టుకుంది. మరొకటి ఏం చెప్పాలన్న దానిని పట్టుకుంది. ఈ రెండూ కలుసుకోవలసిన చోటు పాఠశాల విజ్ఞానశాస్త్ర పుస్తకం. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వరకు వాడుకలో ఉన్న కొన్ని పారిభాషిక పదాలను ఆధారంగా చేసుకుని, అవి అక్కడ ఎంతవరకు కలిశాయో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల భాషా నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేటి పాఠ్యపుస్తకంలో వాక్యం వ్యావహారికమైంది. నామవాచకం మాత్రం గ్రాంథికంగానే మిగిలింది. క్రియాపదాలు 'చేస్తాం', 'చూద్దాం', 'గమనించండి' అని పిల్లవాడి పక్కన కూర్చుంటాయి. వాటి మధ్య 'బాష్పోత్సేకం', 'ద్రవాభిసరణం', 'ఉత్పతనం' వంటి పదాలు వేరే కాలం నుంచి వచ్చినట్లు నిలబడి ఉంటాయి. 2012 తర్వాత కృత్యాధారితంగా రూపొందిన పుస్తకాలు బోధన పద్ధతిని మార్చాయి, ప్రశ్నించే ధోరణిని తెచ్చాయి. అందుకు వాటిని మెచ్చుకోవాలి. పరిభాష మాత్రం పాతదే కొనసాగింది.

ఈ పరిభాష వచ్చిన దారిని ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఉన్నత విద్యలో తెలుగు మాధ్యమాన్ని ప్రవేశపెట్టే ఉద్దేశంతో 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. ఇంటర్మీడియట్, డిగ్రీ పుస్తకాల కోసం వేల పదాలు కావలసి వచ్చాయి. వాటిని సంస్కృత ధాతువుల నుంచి నిర్మించుకోవడం అప్పటికి అందుబాటులో ఉన్న వేగవంతమైన మార్గం. డిగ్రీ విద్యార్థికి ఉద్దేశించిన పదం క్రమంగా ఆరో తరగతికి దిగింది. కళాశాలలో పదం విద్యార్థికి అప్పటికే తెలిసిన భావనకు పేరుగా వస్తుంది. ఆరో తరగతిలో పదం, భావన ఒకేసారి వస్తాయి. తరచుగా పదమే ముందు వచ్చి, భావన రాకుండానే పరీక్ష గడిచిపోతుంది.

'భవనం' చెప్పే వ్యాకరణం

ఘనీభవనం, ద్రవీభవనం, బాష్పీభవనం: స్థితి మార్పులను చెప్పే ఈ మూడు పదాలూ ఒకే అచ్చులో పోసినవి. పదకొండేళ్ళ పిల్లవాడికి 'భవనం' అంటే మేడ. పంచాయతీ భవనం, పాఠశాల భవనం అతనికి తెలుసు. 'బాష్పం' తెలుగు వాచకంలో కన్నీరు. 'ఆనందబాష్పాలు' అక్కడ నేర్చుకున్న మాటే. పత్రికల్లో 'బాష్పవాయువు' అంటే పోలీసులు ప్రయోగించేది. కన్నీటి మేడకూ చెరువు నీరు తగ్గడానికీ సంబంధమేమిటో ఊహించడం అతని వల్ల కాదు.

అలాగని ఈ పదాలను అర్థరహితమైన పాండిత్య ప్రదర్శనగా కొట్టిపారేయడం తొందరపాటు. వీటిలో ఉన్నది సంస్కృత వ్యాకరణంలోని 'చ్వి' ప్రత్యయం. 'అభూత తద్భావం', అంటే అంతకుముందు అలా లేనిది అలా కావడం దాని అర్థం. ఘనం కానిది ఘనం కావడం ఘనీభవనం. స్థితి మార్పు అనే శాస్త్రభావన మొత్తం ఆ ఒక్క ప్రత్యయంలో ఇమిడి ఉంది. పైగా తనంతట తాను మారితే 'భవనం', ఎవరో మారిస్తే 'కరణం' అన్న విభజన కూడా అందులో ఉంది. ఇంత అందమైన ఏర్పాటును చేసిన పదనిర్మాతలు, దాన్ని పిల్లలకు విప్పి చెప్పే బాధ్యతను ఎవరికీ అప్పగించలేదు. విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడికి చ్వి ప్రత్యయం పాఠ్యాంశం కాదు. తెలుగు ఉపాధ్యాయుడికి బాష్పీభవనం పాఠ్యాంశం కాదు. పదం ఈ రెండు పీరియడ్ల మధ్య అనాథగా మిగిలింది.

ఇదే విభజన తెలుగులో 'అవు', 'చేయు' అనే సహాయక క్రియలతో, లేదా 'కరుగు–కరిగించు' వంటి జంటలతో సహజంగా ఉంది. 'గడ్డకట్టింది', 'గడ్డకట్టించారు' అన్న రెండు వాక్యాల మధ్య తేడా చెప్పడానికి పిల్లవాడికి ఏ వ్యాకరణమూ అక్కరలేదు. అక్కడ మొదలుపెట్టి 'భవనం' దగ్గరికి వస్తే పదం బరువు సగం తగ్గుతుంది. 'కిరణజన్య సంయోగక్రియ' విషయంలోనూ ఇంతే. తెలుగు పరిభాషను వెక్కిరించదలచుకున్న ప్రతివారూ ముందుగా ఎత్తి చూపే పదం ఇది. నిజానికి కిరణాల వల్ల పుట్టే కలయిక అని విడదీసి చెబితే, ప్రక్రియను ఇంత ముక్కుసూటిగా చెప్పే పదాలు తక్కువ. దాని ఇంగ్లీషు రూపం గ్రీకు ముక్కల నుంచి కట్టినదే. లండన్ పిల్లవాడికి కూడా అది పుట్టుకతో తెలిసిన మాట కాదు. 'బాష్పోత్సేకం' మాత్రం ఇలాంటి సమర్థనకు లొంగదు. 'ఉత్సేకం' అన్న మాటను తెలుగు ఎం.ఏ. విద్యార్థికే నిఘంటువు చూసి చెప్పవలసి ఉంటుంది. ఆకుకు చెమట పట్టడం అన్న పోలికతో ఏ ఉపాధ్యాయుడైనా దాన్ని క్షణంలో చెప్పగలడు. ఆ పోలిక తరగతి గదిలో ఎంత వినిపించినా జవాబు పత్రంలో దానికి చోటు లేదు.

నాలుగు క్రియలు, ఒక భావన

నీరు కనబడకుండా పోవడాన్ని చెప్పడానికి తెలుగులో కనీసం నాలుగు క్రియలున్నాయి. తడిబట్ట ఆరుతుంది. చెరువు ఎండుతుంది. పొయ్యి మీద పులుసు ఇగురుతుంది. చేలో పెట్టిన నీరు ఇంకుతుంది. వీటిని ఎవరూ ఒకదాని బదులు ఒకటి వాడరు. పరిశీలిస్తే ఈ క్రియలు నీటిని మాయం చేసే కారకాన్ని బట్టి విడివడినట్లు కనిపిస్తాయి: ఆరడంలో ప్రధానం గాలి, అందుకే 'నీడన ఆరబెట్టడం' కుదురుతుంది, ఎండడంలో ఎండ పదంలోనే ఉంది, ఇగరడానికి మంట కావాలి, ఇంకడానికి నేల కావాలి. శ్రీకాకుళం పల్లెలో 'గెడ్డ ఎండిపోనాది' అనే పిల్లవాడే 'పొలంలో నీరు ఇంకిపోనాది' అని కూడా అంటాడు. అంటే పరిశీలన అతనికి ఇదివరకే ఉంది, అది సూక్ష్మంగా కూడా ఉంది.

శాస్త్రం అడిగేది మరొక విభజన. దాని దృష్టిలో ఆరడం, ఎండడం, ఇగరడం మూడూ ఒకటే: ద్రవం ఆవిరిగా మారి గాలిలో కలవడం. ఇగరడంలో మరుగు ఉన్నా, చివరికి జరిగేది అదే. ఇంకడం ఒక్కటి వేరు. అక్కడ నీటి స్థితి మారదు, చోటు మారుతుంది. మూడు క్రియలను ఒక గొడుగు కిందికి తెచ్చి, నాలుగోదాన్ని బయట నిలబెట్టడమే బాష్పీభవనం అన్న భావన చేసే అసలు పని. ఈ గొడుగుకు వాడుకలో సిద్ధమైన పేరు లేదు. 'ఆవిరి' ఉంది కాని అది ఇడ్లీపాత్ర మీద కనిపించే వేడి పొగను గుర్తుచేస్తుంది. అందువల్లనే నీరు మరిగితేనే ఆవిరవుతుందన్న పొరపాటు పిల్లల్లో బలంగా ఉంటుంది. కాబట్టి ఇక్కడ కొత్త పదం అవసరమే. వాడుక పదాలను పాఠంలోకి తేవాలన్న వాదాన్ని, పారిభాషిక పదాలన్నిటినీ తొలగించాలన్న వాదంగా సాగదీయడానికి ఈ చోట వీలుపడదు. లోపం పదం ఉండటంలో లేదు. ఆ నాలుగు క్రియలను బల్ల మీద పరిచి, వీటిలో ఏవి ఒకటి, ఏది వేరు అని అడగకుండానే ఐదో పదాన్ని నిర్వచనంగా ఇవ్వడంలో ఉంది.

ఈ పాఠానికి శ్రీకాకుళం జిల్లాలో సిద్ధంగా ఉన్న ప్రయోగశాల నౌపడా ఉప్పు మడులు. సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఆ నీటిని మడి నుంచి మడికి మళ్ళిస్తూ ఎండకూ గాలికీ విడిచిపెడితే, పరిమాణం దాదాపు పదో వంతుకు తగ్గిన తర్వాతే తినే ఉప్పు పేరుకోవడం మొదలవుతుంది. పది బిందెల నీరు ఒక బిందె కావాలన్నమాట. సున్నపు లవణాలు అంతకు ముందే అడుగున చేరతాయి. చేదైన మెగ్నీషియం లవణాలు చివరి నీటిలో మిగిలిపోతాయి, ఆ నీటిని వదిలేస్తారు. బాష్పీభవనం, సంతృప్త ద్రావణం, స్ఫటికీకరణం, మిశ్రమాలను వేరుచేయడం అన్న నాలుగు పాఠాంశాలు ఒక మడిలో కనిపిస్తాయి. మడి నేల గట్టిగా ఎందుకు తొక్కాలన్న ప్రశ్నకు జవాబు 'ఇంకడం' అన్న క్రియలో ఉంది. నీరు ఎండాలి, ఇంకకూడదు. ఉప్పు రైతు రోజూ పాటించే ఈ తేడా పాఠ్యపుస్తకం నేర్పదలచుకున్న తేడాయే. ఉప్పును 'తయారుచేస్తారు' అని పుస్తకం అంటుంది. మడిలో దిగినవారు 'పండిస్తారు' అంటారు. ఈ రెండో మాటలో కాలం, ఎండ, వానభయం అన్నీ ఉన్నాయి.

కరగడం

వాడుక భాష ఎప్పుడూ శాస్త్రానికి దారి చూపుతుందని అనుకోవడానికి వీలులేదనడానికి 'కరుగు' ధాతువు మంచి నిదర్శనం. మంచు కరుగుతుంది, నెయ్యి కరుగుతుంది, ఉప్పు నీటిలో కరుగుతుంది. మొదటి రెండింటిలో ఒకే పదార్థం వేడి వల్ల ద్రవమైంది. మూడోదానిలో రెండు పదార్థాలున్నాయి. ఒకటి మరొకదానిలో కలిసి కనిపించకుండా పోయింది. తెలుగు ఈ రెంటినీ ఒకే క్రియతో చెబుతుంది. ఆసక్తికరమైన విషయమేమంటే దాని వ్యతిరేకక్రియ 'పేరుకొను' కూడా అంతే స్థిరంగా రెండు పక్కలా నడుస్తుంది: నెయ్యి పేరుకుంటుంది, ఉప్పు పేరుకుంటుంది. అంటే ఇది నిర్లక్ష్యపు వాడుక కాదు. గట్టిది రూపం కోల్పోవడం, తిరిగి పొందడం అన్న ఒక స్వతంత్ర దృష్టి దీని వెనుక ఉంది. శాస్త్రం ఈ దృష్టిని రెండుగా కోయాలి. 'ద్రవీభవనం' అన్న పదం తన ఉనికిని సమర్థించుకునేది ఇక్కడే. మంచుకు ద్రవీభవనం, ఉప్పుకు కరగడం అని రెండు పేర్లు విడివిడిగా పెడితే గాని ఈ కోత నిలవదు.

ఈ తేడా శ్రీకాకుళం ఉత్తర మండలాల్లో పాఠ్యాంశంగా మాత్రమే మిగలదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలతో కూడిన ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తున్నది. దాని కారణం ఇదమిత్థమని ఇప్పటికీ నిర్ధారణ కాలేదు; అనుమానాల్లో తాగునీరు మొదటి నుంచీ ఒకటిగా ఉంది. అక్కడి ఆరో తరగతి పిల్లవాడు 'మిశ్రమాలను వేరుచేయడం' పాఠంలో తేర్చడం, వడకట్టడం నేర్చుకుంటాడు. తేటబడిన నీరు శుభ్రమైన నీరన్న ముద్ర అతని మనసులో పడుతుంది. తెలుగులో తాగే నీటికి 'మంచినీళ్ళు' అన్న పేరు ఉండడం ఆ ముద్రకు మరింత బలమిస్తుంది. నీటిలో తేలేది వేరు, కరిగినది వేరు; కరిగినదాన్ని గుడ్డ ఆపలేదు, కన్ను చూడలేదు. ఈ ఒక్క వాక్యం అర్థం కావడానికి కరగడమంటే ఏమిటో అతనికి స్పష్టంగా తెలిసి ఉండాలి. నిర్వచనాన్ని అప్పజెప్పి రెండు మార్కులు తెచ్చుకున్న పిల్లవాడికి అది తెలుసునని చెప్పలేం. ఉద్దానం బడిలో ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయుడి ముందున్న బాధ్యత విజయవాడలోనో కర్నూలులోనో ఉన్న ఉపాధ్యాయుడి బాధ్యతకు సమానం కాదు. ఏకరూప పాఠ్యపుస్తకం ఆ తేడాను గుర్తించే ఏర్పాటు ఏదీ చేయలేదు.

తూర్పు అనే మాట

సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నది తరతరాలుగా పిల్లలు వల్లెవేసే మాట. శ్రీకాకుళం పట్టణంలోని అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయం ఆ మాటను ఏటా రెండుసార్లు ప్రశ్నిస్తుంది. మార్చి రెండో వారం తొలినాళ్ళలోనూ, అక్టోబరు మొదటి రోజుల్లోనూ ఉదయకిరణాలు గర్భగుడిలోని మూర్తి పాదాలను తాకుతాయి. వేలమంది చూడడానికి వస్తారు. సూర్యుడు నిత్యం ఒకే చోట ఉదయించేవాడైతే ఈ దృశ్యం ప్రతి ఉదయం జరగాలి. డిసెంబరు 21 నుంచి వెనక్కి లెక్కిస్తే అక్టోబరు 2కు 80 రోజులు, ముందుకు లెక్కిస్తే మార్చి 10కి 79 రోజులు. అయనాంతానికి ఇటూ అటూ ఇంచుమించు సమదూరంలో ఉన్న ఆ రెండు రోజుల్లో సూర్యుడు తూర్పుకు కొద్దిగా దక్షిణంగా ఒకే బిందువు నుంచి లేస్తాడు. ఏడో తరగతి పిల్లవాడు క్యాలెండరు పట్టుకుని వేళ్ళతో చేయగల లెక్క ఇది. దీనికి జోడు మరొకటి ఉంది: 18 డిగ్రీలకు కాస్త పైన ఉత్తర అక్షాంశంలో ఉన్న శ్రీకాకుళంలో మే రెండో వారంలోనూ జూలై నెలాఖరులోనూ మధ్యాహ్నం నిటారు కర్రకు నీడ ఉండదు. జూన్ 21కి ఇటూ అటూ దాదాపు నలభై రోజుల దూరం. జూలైలో మబ్బు పట్టి చూడనివ్వదనుకోండి, మేలో మాత్రం సెలవులు. ఏ రకంగానూ బడి ఆ నీడ లేని మధ్యాహ్నాన్ని అందుకోలేదు.

'అయనం' పరిభాషలో మిగిలిన పదాలవంటిది కాదు. ఉత్తరాయణం, దక్షిణాయనం పంచాంగం ద్వారా ఇంటింటా వినిపించేవే. సంస్కృతపదమైనంత మాత్రాన పరాయిది కాదనీ, వాడుకలో బతికిన సంస్కృతం తెలుగేననీ గ్రహించడానికి ఇది ఉదాహరణ. గిడుగు వాదం కూడా ఏనాడూ సంస్కృత ద్వేషం కాదు.

గెడ్డ, చోడి, గోగు

వ్యావహారికం గెలిచినప్పుడు పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది శిష్ట వ్యావహారికం. దానికి ప్రమాణమైంది ప్రధానంగా మధ్య కోస్తా మాట. ఉద్యమానికి ఊపిరి పోసిన నేల మాటలకు అందులో దక్కిన చోటు స్వల్పం. పుస్తకంలో వాగు, ఊళ్ళో గెడ్డ. పుస్తకంలో రాగులు, ఇంట్లో చోడి అంబలి. నారల పాఠంలో జనపనార ప్రధానంగా కనిపిస్తుంది. విజయనగరం, శ్రీకాకుళం రైతులు తరతరాలుగా పండించిన గోగు పక్కకు జరుగుతుంది. గోగు కట్టెలను నీటిలో ఊరవేసినప్పుడు సూక్ష్మజీవులు బెరడులోని జిగురును తినివేసి నారను విడదీస్తాయి. సూక్ష్మజీవుల పాఠానికీ నారల పాఠానికీ ఇంతకంటే మంచి వంతెన దొరకదు. పొందూరు నేత పనివారు పత్తిని శుభ్రపరచడానికి వాలుగ చేప దవడను వాడటం ఖాదీ గురించిన వ్యాసాల్లో విశేషంగా చెప్పబడుతుంది, విజ్ఞానశాస్త్ర పాఠంలో కాదు.

ఇటువంటి పదసంపద సేకరణ జరగలేదనడానికి లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. మొదటిది తెలుగు అకాడమి పుట్టకముందే సిద్ధంగా ఉంది. పరిభాషా నిర్మాణం ఆ సంపుటాల వైపు ఎందుకు తగినంతగా చూడలేదన్నది పరిశోధకులు విడిగా చేపట్టదగిన అంశం. భాషాశాస్త్రవేత్తకు మాండలిక పదం అధ్యయన వస్తువైంది, పాఠ్యపుస్తక రచయితకు అది దోషమైంది. ఈ రెండు దృక్పథాలూ ఒకే దశాబ్దంలో పక్కపక్కన నడిచాయి.

ఎదురెదురు పుటలు

2020–21 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలకు ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు. తెలుగు పరిభాష కష్టమన్న ఫిర్యాదు ఇంగ్లీషు మాధ్యమ సమర్థకులకు చాలాకాలంగా ఆయుధం. రెండు పుటల్లోని పదాలూ పిల్లవాడికి కొత్తవే అయినప్పుడు, ఉద్యోగం తెచ్చిపెట్టే కొత్తదాన్నే ఎంచుకుంటామని తల్లిదండ్రులు అనడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ మేరకు తెలుగు మాధ్యమం బలహీనపడటంలో పరిభాషకూ పాత్ర ఉంది. అయితే పుట మారినంత మాత్రాన భావన తేటపడదు. మంచు కరగడానికీ ఉప్పు కరగడానికీ ఇంగ్లీషులో రెండు వేర్వేరు క్రియలున్నాయి. పలాస పిల్లవాడు ఆ రెంటికీ మనసులో చెప్పుకునే అర్థం 'కరగడం' ఒక్కటే. పాత గజిబిజి కొత్త మాటల కింద చెక్కుచెదరకుండా ఉంటుంది, పైగా ఇప్పుడది ఉపాధ్యాయుడి కంట పడదు. ద్విభాషా పుస్తకం నిజంగా ఉపయోగపడాలంటే తెలుగు పుట ఇంగ్లీషు పుటకు నకలుగా ఉండనవసరం లేదు. ఆరడం, ఎండడం, ఇగరడం, ఇంకడం గురించి మాట్లాడవలసిన చోటు తెలుగు పుట. ఇంగ్లీషు పుటలో దానికి సమానమైన పేరా ఉండే అవకాశం లేదు, ఉండవలసిన పని కూడా లేదు.

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లోని సవర పిల్లలకు ఈ రెండు పుటలూ పరాయివే. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో ఇప్పుడు ఈ ప్రాంతాలున్నాయి. పైన వివరించిన నాలుగు క్రియల సూక్ష్మత తెలుగు మాతృభాషగా గలవారి ఆస్తి. సవర పిల్లవాడు వాటిని కూడా నేర్చుకోవలసినవాడే. గిడుగు రామమూర్తి సవరల మధ్య తిరిగి వారి భాష నేర్చుకున్నారు, వారికోసం సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లోనూ, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ వచ్చాయి. ఆ పెద్ద గ్రంథాలకు చాలా ముందే ఆయన సవర పిల్లల చేతికి వాచకాలు ఇచ్చారు. ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకునే బడుల్లో, మరుసటి పీరియడ్‌లో నల్లబల్ల మీద 'బాష్పోత్సేకం' నిర్వచనం రాసి ఉంటుంది.